నవదంపతులకు చిలమత్తూరు దారి

ధర్మవరం, పెనుకొండ ప్రాంతాలలో పెళ్లి జరిగిన వారం పది రోజులకు, పెళ్లికూతురి చేతి గోరింట ఇంకా ఎర్రగా ఉండగానే, కొత్త దంపతులు కారెక్కి బెంగుళూరు రాజమార్గం మీద దక్షిణంగా బయలుదేరడం ఇప్పుడు పరిపాటి అయినది. దేవనహళ్లిలో విమానమెక్కి మాల్దీవులకో, అండమానుకో, బాలీ ద్వీపానికో పోవాలని వారి సంకల్పం. ఆ దారిలో రాష్ట్రపు సరిహద్దు దాటడానికి కొంచెం ముందు కొడికొండ కూడలి వస్తుంది. అక్కడ కుడివైపుకు చీలిన రోడ్డు చిలమత్తూరు మీదుగా లేపాక్షికి, హిందూపురానికి పోతుంది. విమానం వేళ మించిపోతుందన్న తొందరలో ఆ మలుపు వంక తిరిగి చూసేవారు తక్కువ.

హనీమూన్ అనే మాట మనది కాకపోయినా, దాని వెనుక ఉన్న అవసరం మనకు కొత్తది కాదు. మనుగుడుపులు, పదహారు రోజుల పండుగ, బంధువుల ఇండ్లలో విందులు మొదలైనవన్నీ పరాయివారైన ఇద్దరిని పరిచితులను చేయడానికి పెద్దలు ఏర్పరచిన ఉపాయాలే. అయితే ఆ సందడిలో భార్యాభర్తలు ఒంటరిగా నాలుగు మాటలు చెప్పుకొనే వీలు ఉండేది కాదు. ఆ లోటును యాత్ర తీరుస్తున్నది. కనుక యాత్రను తప్పుపట్టవలసిన పని లేదు. ఎక్కడికి పోవాలి, ఏమి చూడాలి, ఏమి తినాలి అన్నదే ఆలోచించవలసిన విషయం.

ద్వీపాల సొగసు కాదనరానిది. మాల్దీవులలో పన్నెండు వందలకు చేరువగా పగడపు దీవులున్నవి. అక్కడి విలాసగృహాలు చాలావరకు దీవికొకటిగా వెలసినందువల్ల ఏకాంతానికి కొదువ లేదు. కాని పళ్లెంలోకి వచ్చేదానిలో చేప, కొబ్బరి తప్ప తక్కినదంతా దాదాపు పరదేశాలనుండి ఓడలలోనో విమానాలలోనో రావలసిందే. అక్కడి వారి సొంత ఉపాహారం తురిమిన కొబ్బరి, చేప, ఉల్లి కలిపిన 'మాస్ హుని'. దానిని పలుచని రొట్టెతో తింటారు. సామాన్య జనం నివసించే దీవులలో అతిథిగృహాలకు 2009లో అనుమతి లభించినది గనుక, అటువంటి చోట దిగినవారికి ఆ రుచి సులభంగా దొరుకుతుంది. ఆ స్తోమత, ఆ కోరిక ఉన్నవారు నిశ్చింతగా పోవచ్చు.

చిక్కంతా స్తోమత లేనివారితోనే. ఇది వాన కరవైన సీమ. వేరుసెనగ పండితే పండుగ, ఎండితే అప్పు. 'ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు' అన్నారు పెద్దలు. ఆ పెళ్లి అప్పు మీద యాత్ర అప్పు కూడ ఎక్కితే, సముద్రతీరాన తీయించుకొన్న ఫొటోలు మాసిపోకముందే వాయిదాల చీటీలు ఇల్లు చేరుతాయి. సంసారపు తొలి సంభాషణలు వడ్డీ లెక్కలతో మొదలుకావడం ఏ జంటకూ మంచిది కాదు. అటువంటి వారికి కొడికొండ మలుపు గొప్ప వరం.

చిలమత్తూరు మండలంలోనే వీరాపురం అనే చిన్న పల్లె ఉన్నది. సంక్రాంతి వెళ్లే వేళకు అక్కడి చింతచెట్ల మీదికి ఎర్రకాళ్ల కొంగలు గుంపులుగా దిగుతాయి. తెల్లని ఒడలు, నల్లని చారలు, పసుపు పచ్చని పొడుగు ముక్కు, రెక్కల చివర గులాబి వన్నె గల ఈ పక్షులు సైబీరియానుండి వస్తాయని చాలామంది చెప్పుకొంటారు గాని, ఇవి మన దేశపు పక్షులే. చెరువుల నీటిని, చేపలను అనుసరించి ఒక చోటినుండి మరొక చోటికి తరలుతూ ఉంటాయి.

మాఘమాసంలో మనుష్యులకు పెళ్లిళ్లు; ఇంచుమించు అదే కాలంలో వీటికి గూళ్లు. మగపక్షి, ఆడపక్షి కలిసి పుల్లలు పేర్చుకొంటాయి, వంతుల వారీగా గుడ్లు పొదుగుతాయి, రెండూ చేపలు తెచ్చి పిల్లలకు పెడతాయి. ఎండ ముదిరినప్పుడు తల్లో తండ్రో గూటి అంచున నిలబడి, రెక్కలు విప్పి పిల్లలకు నీడ పడుతుంది. ఇంటిపనిలో ఎవరి వంతు ఎంత అన్న తగవు ఇంకా మొదలుకాని కొత్త దంపతులు చెట్టుక్రింద ఒక గడియ నిలబడి చూడదగిన దృశ్యమిది.

వీరాపురం ప్రజలు ఈ పక్షులను పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచులవలె చూసుకొంటారు. ముక్కునుండి జారిపడిన చేపల కంపును, రెట్టలను ఓర్చుకొంటారు. వేటగాళ్లను దరి చేరనివ్వరు. అయినా వారి చేతిలో లేనిది ఒకటున్నది. చుట్టుపట్ల చెరువులలో నీరుంటేనే చేప, చేప ఉంటేనే గూటిలో పిల్ల బ్రతుకుతుంది. కరవు ఏట వచ్చిన పక్షులకే తిండి చాలదు. చూడబోయేవారు పెద్దగా కేకలు వేయక, చెట్లను కదపక, దూరంనుండే చూసి రావడం ఆ ఊరికి చేయగల మర్యాద.

చిలమత్తూరునుండి పడమరగా పది కిలోమీటర్లకు కొంచెం అటూ ఇటూగా లేపాక్షి. ఊరి మొదట ఒకే రాతిలో మలచిన బసవన్న, ఇరవై ఏడు అడుగుల పొడవు, పదిహేను అడుగుల ఎత్తున కూర్చుండి దర్శనమిస్తాడు. విజయనగరాన్ని అచ్యుతదేవరాయలు పాలించిన 1529–1542 నడుమ, పెనుకొండలో అధికారులుగా ఉండిన విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు వీరభద్రాలయాన్ని కూర్మశైలం మీద కట్టించారు. నేలకు పూర్తిగా ఆనని స్తంభం క్రింద జనం తువ్వాలు దూర్చి ముచ్చటపడుతూ ఉంటారు. దానితో తృప్తిపడి తిరిగిపోరాదు. తల పైకెత్తి కప్పు చూడవలెను. గిరిజా కల్యాణం, శివపార్వతుల పాచికలాట, వటపత్రశాయి మొదలైన చిత్రాలు రంగులు కొంత వెలిసినా నేటికీ నిలిచి ఉన్నవి. ఆ చిత్రాలలోని స్త్రీల చీరల అంచులను, లతామంటపపు అల్లికలను నేతగాళ్లు తమ మగ్గాల మీదికి తెచ్చుకొన్నారు. కొత్తకోడలు కట్టుకొన్న ధర్మవరం పట్టుచీరను ఆ కంబాల ప్రక్కన ఉంచి పోల్చి చూడవచ్చు.

ఆలయం వెనుక భాగాన కల్యాణమంటపం ఉన్నది. శివపార్వతుల పెళ్లికి వచ్చిన దేవతలు, ఋషులు స్తంభాల మీద కొలువుతీరి ఉన్నారు. పైన కప్పు మాత్రం లేదు. ఖజానా ధనం గుడికి వెచ్చించాడన్న నిందకు రాజు కోపించగా, విరూపణ్ణ తన కన్నులు తానే పెరికి గోడకేసి కొట్టాడని, అందుచేతనే ఆ పని ఆగిపోయినదని జనశ్రుతి. గోడమీది ఎర్రని మరకలను ఇప్పటికీ చూపుతారు. కథలోని నిజానిజాలు ఎలాగున్నా, చేతికి మించిన వ్యయం ఎంతటివానికైనా ముప్పు తెచ్చిపెట్టగలదన్న భయం అందులో ఉన్నది. ఇక పూర్తికాని ఆ మంటపాన్ని చూసి విచారించే పని లేదు. పెళ్లి అనేది ముహూర్తం నాటికి ముగిసే పని కాదని, ఆ తరువాత ఏండ్లకొద్దీ కట్టుకొంటూ పోవలసినదని అక్కడ కాసేపు కూర్చున్న దంపతులకు తోచకమానదు.

ఇక భోజనం మాట. ప్రొద్దున హిందూపురంలో దిగినవారికి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ వేడివేడిగా దొరుకుతాయి. నానబెట్టిన బొరుగులకు ఉల్లి, పచ్చిమిర్చి తాలింపు పెట్టి, పప్పులపొడి చల్లితే ఉగ్గాని. కన్నడ సీమ చేరువ గనుక దోసెలు కూడ రుచిగా ఉంటాయి. మధ్యాహ్నానికి రాగి సంగటి, ఆకుకూర పప్పు, వేరుసెనగల ఊరుబిండి. సంగటి ముద్దను నమలక మ్రింగడం ఈ సీమవారికి ఉగ్గుతో అబ్బిన విద్య. బయటి ప్రాంతంనుండి వచ్చిన వధువుకో వరునికో అది నేర్పడంలో బోలెడు నవ్వు పుట్టుతుంది. చలికాలమైతే అనపగింజలను నానబెట్టి, పొట్టు పితికి చేసే పితికిపప్పు పులుసును విడువరాదు. బంధువుల ఇల్లు ఒక్కటైనా ఉంటే నేతితో ఓళిగలు తప్పవు. రాత్రి బసకు లేపాక్షిలో పర్యాటకశాఖ వారి వసతిగృహం ఉన్నది.

తిరుగు ప్రయాణంలో పెనుకొండ కోటను, గగనమహలును చూడవచ్చు. 1565లో తళ్లికోట యుద్ధం తరువాత హంపీని విడిచిన రాజులు తమ సంసారాన్ని మళ్లీ మొదలుపెట్టిన చోటు అది.

ఇంతకూ దీనికి రెండు పగళ్లు, ఒక రాత్రి చాలును. వైశాఖంలో పెళ్లయినవారు వీరాపురం పోతే గూళ్లలో ఎదిగిన పిల్లలు రెక్కలు విదిలిస్తూ ఎగరడం నేర్చుకొనే దృశ్యం కనబడుతుంది. ఆషాఢ శ్రావణాలకు చింతచెట్లు బోసిపోతాయి. ఆ ఏడు వానలు కురిసి చెరువులు నిండితే, మళ్లీ సంక్రాంతికి ఆ పక్షులు అదే ఊరికి, అవే కొమ్మలకు వచ్చి పుల్లలు ఏరుకోవడం మొదలుపెడతాయి.