పేగుపూతను పసిగట్టే సూక్ష్మ బుడగలు

ధర్మాచరణకు ఆరోగ్యవంతమైన దేహమే ఆధారం. అయితే క్రోన్స్ వ్యాధి, అల్సరేటివ్ కొలైటిస్ వంటి దీర్ఘకాలిక పేగుపూత వ్యాధులలో కడుపునొప్పి, విరేచనాలు తగ్గినంత మాత్రాన రోగం శాంతించినట్లు కాదు. పేగు గోడలో వాపు కొనసాగుతూనే ఉండవచ్చు. దానిని కనిపెట్టే మార్గాలలో కాంట్రాస్ట్ అల్ట్రాసౌండ్ ఒకటి.

సాధారణ అల్ట్రాసౌండ్‌లో పేగు గోడ మందం తెలుస్తుంది. అది 3 మిల్లీమీటర్లు మించితే వైద్యులు వాపును అనుమానిస్తారు. ఆ గోడలో రక్తప్రసారం ఎంత ఉన్నదో స్పష్టంగా చూసేందుకు, సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ వాయువు నిండిన సూక్ష్మ బుడగల ద్రవాన్ని చేతి సిరలోనికి ఇంజెక్షన్ ద్వారా పంపుతారు. ఈ బుడగలు ఎర్ర రక్తకణం కన్నా చిన్నవి. అయినా రక్తనాళాలను దాటి వెలుపలికి పోవు. వాపు చురుకుగా ఉన్నచోట రక్తం అధికంగా చేరుతుంది కనుక పేగు గోడ తెరపై ప్రకాశిస్తుంది. చీముగడ్డ లోపల రక్తప్రసారం ఉండదు కనుక అది నల్లగానే కనిపిస్తుంది. కొద్ది నిమిషాలలో ఆ వాయువు శ్వాస ద్వారా బయటకు పోతుంది. ఈ పరీక్షలో ఎక్స్‌రే కిరణాలు ఉండవు. మూత్రపిండాలపై భారం పడదు.

అయితే పురీషనాళం వంటి లోతైన భాగాలు ఇందులో సరిగా కనిపించకపోవచ్చు. కొలనోస్కోపీకి, బయాప్సీకి ఇది ప్రత్యామ్నాయం కాదు. గతంలో ఇటువంటి మందు పడనివారు, తీవ్ర హృద్రోగం ఉన్నవారు ఆ సంగతిని వైద్యునికి ముందుగా తెలియజేయాలి.

వ్రతమో, ఉపవాసమో, తీర్థయాత్రయో తలపెట్టిన వ్యాధిగ్రస్తులు ఒంట్లో బాగున్నదని తమంతట తాము మందులు మానరాదు. వైద్యుని సలహాతో ఆరోగ్యాన్ని కాపాడుకొని భగవద్దర్శన భాగ్యాన్ని పొందుదురు గాక!