పోయొస్తమని చెప్పలేని వీడ్కోలు

సైదాబాద్: సాగర్ రోడ్డు మీదుగా పట్నం వచ్చే ఇబ్రహీంపట్నం, మాల్, దేవరకొండ పల్లెల వారికి సైదాబాద్ కొత్త కాదు. చంపాపేట దాటి ఐ.ఎస్. సదన్ చౌరస్తా చేరితే పట్నం వచ్చినట్టే లెక్క. ఈ పేటలో ఒక ఇంటి పిల్లో పిల్లవాడో పై దేశానికి చదువుకు బయలుదేరితే ఆ సాగనంపు చూడవలసిందే. తల్లి బొట్టు పెడుతుంది, పెరుగన్నం తినిపిస్తుంది. పచ్చళ్ళు, పొడులు సర్దిన పెట్టెను తూకం వేస్తారు, బరువెక్కువైతే మళ్ళీ విప్పుతారు. పక్కనున్న ముస్లిం ఇంట్లోనైతే ప్రయాణమయ్యే వారి దండచేతికి గుడ్డలో చుట్టిన నాణెం కడతారు. దాన్ని ఇమామ్ జామిన్ అంటారు. క్షేమంగా చేరాక ఆ డబ్బు బీదలకు ఇచ్చేస్తారు. పద్ధతి ఎవరిదైనా, ఒక్క మనిషిని పంపడానికి శంషాబాద్ విమానాశ్రయం దాకా రెండు కార్ల జనం పోవడం మాత్రం అందరికీ సమానమే.

గడప దాటేటప్పుడు ఎవరూ "పోత" అనరు. "పోయొస్త" అంటారు. ఆంధ్ర జిల్లాల వారైతే "వెళ్ళొస్తాను" అంటారు. నోరు జారి "పోతున్న" అంటే ముసలమ్మలు కసురుతారు. తిరిగి రావడమన్నది మనకు ఆ మాటలోనే వుంది.

కాని చదువు అయిపోయిన రోజున మరో వీడ్కోలు వుంటుంది. అది ఇంటివాళ్ళ కంట పడదు. నాలుగేళ్ళో ఆరేళ్ళో ఒకే పొయ్యి మీద వండుకుని, జ్వరమొస్తే ఒకరికొకరు గంజి కాచిపోసుకున్న స్నేహితులను విడిచి రావాలి. ఒకరిది కేరళ, ఒకరిది నైజీరియా, ఇంకొకరిది ఆ వూరే. వారితో "పోయొస్త" అని ఎట్లా అంటారు? మళ్ళీ ఆ వూరికి ఏం పని వుంటుంది? ఎప్పుడైనా పోయినా ఆ గదిలో వాళ్ళుండరు, తలో దేశం చేరి వుంటారు. ఈ వీడ్కోలుకు మనకు బొట్టూ లేదు, దండకు కట్టే నాణెమూ లేదు.

ఓడల కాలంలో

పట్నం నుంచి అట్లా వెళ్ళివచ్చిన తొలితరం వారిలో సరోజినీ నాయుడు గారొకరు. 1895లో, పదహారేళ్ళ వయసులో, ఆరో నిజాం ఇచ్చిన వేతనం మీద ఆమె ఇంగ్లండు వెళ్ళారు. లండన్ కింగ్స్ కాలేజీలో, తరువాత కేంబ్రిడ్జి గిర్టన్ కాలేజీలో చదివారు. ఎడ్మండ్ గాస్, ఆర్థర్ సైమన్స్ అనే రచయితలు అక్కడ ఆమెకు ఆప్తులయ్యారు. 1898లో హైదరాబాదు తిరిగివచ్చి ముత్యాల గోవిందరాజులు నాయుడు గారిని పెళ్ళాడారు. ఒక ఉత్తరం ఓడలో పోవడానికే వారాలు పట్టే రోజులవి. అయినా ఉత్తరాలు ఆగలేదు. 1905లో లండన్‌లో అచ్చయిన ఆమె కవితల పుస్తకం 'ది గోల్డెన్ త్రెషోల్డ్' సైమన్స్ పట్టుబట్టబట్టే వెలువడింది. ముందుమాట ఆయనే రాసి, ఆమె పంపిన ఉత్తరాల నుంచి కొన్ని భాగాలు అందులో చేర్చారు. పుస్తకం గాస్‌కు అంకితం. అబిడ్స్ దగ్గర ఆ కుటుంబం వున్న ఇంటికీ అదే పేరు. 1975లో ఆ ఇల్లు హైదరాబాదు విశ్వవిద్యాలయానికి దక్కింది.

అందరి కథా ఒక తీరుగా నడవదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1922లో చదువుకని అమెరికా వెళ్ళి, 1948లో అక్కడే కన్నుమూశారు. ఇంటికి తిరిగి రాలేదు గనుక అక్కడి వారికి వీడ్కోలు చెప్పే అవసరమే ఆయనకు కలగలేదు.

ఆరేళ్ళ చదువు, ఆరు గంటల ప్రయాణ సన్నాహం

2022 ఫిబ్రవరి 24న రష్యా సైన్యం ఉక్రెయిన్ మీద పడింది. వైద్య విద్య కోసం అక్కడికి వెళ్ళిన మన పిల్లలు వేల సంఖ్యలో చిక్కుకుపోయారు. విమానాలు ఆగిపోయాయి. పోలండు సరిహద్దు దాకా చలిలో మైళ్ళ కొద్దీ నడిచినవారున్నారు. 26న రుమేనియా రాజధాని బుకారెస్ట్ నుంచి తొలి విమానం ముంబయి చేరింది. సుమీ పట్టణంలో ఇరుక్కున్న సుమారు ఏడు వందల మందిని మార్చి 8న గాని బస్సుల్లో బయటికి తీయలేకపోయారు. 'ఆపరేషన్ గంగ' పేరిట మొత్తం 22 వేల మందికి పైగా ఇల్లు చేరారు.

ఇక్కడ ఇళ్ళలో అది పండుగ రోజే. కాని ఆ పిల్లలకు చివరి రోజంటూ లేకపోయింది. పట్టా పుచ్చుకున్న రోజున కలిసి ఫొటో దిగడం, పుస్తకాలు కింది తరగతి వారికి పంచడం, ఇంటి యజమానురాలికి తాళంచెవి అప్పగించి దండం పెట్టడం, ఇవేవీ జరగలేదు. బట్టలూ పుస్తకాలూ హాస్టలు గదుల్లోనే మిగిలాయి. పాఠం చెప్పిన వాళ్ళు, పక్క బల్ల మీద కూర్చున్న అక్కడి పిల్లలు బాంబుల కింద వున్నారు. క్షేమంగా ఇల్లు చేరిన కొడుకు అర్ధరాత్రి దాకా ఫోను చూస్తూ కూర్చుంటే, "ఇంకేం తక్కువైందిరా నీకు?" అని తండ్రి అడగడం సహజమే. తక్కువైంది ఏమిటో వాడికి చెప్పడం రాదు. అదే సంవత్సరం సెప్టెంబరులో, మిగిలిన చదువును వేరే దేశాల కాలేజీలలో చదవడానికి జాతీయ వైద్య కమిషన్ అభ్యంతరం లేదంది. అట్లా వెళ్ళినవారు మరోచోట మళ్ళీ కొత్త ముఖాలతో మొదలుపెట్టారు.

మామూలు రోజుల్లో చదువు ముగించుకుని వచ్చే పిల్లల విషయంలో పెద్దలు గమనించవలసింది ఒకటుంది. పరీక్ష అయిన మర్నాడే రమ్మని టిక్కెట్టు కొని తొందరపెట్టే వారు చాలామంది. ఖర్చు నిజమే, అప్పు మీద వడ్డీ నడుస్తున్న మాటా నిజమే. అయినా "నాలుగు రోజులాగి వస్త నాయినా" అంటే అది తిరుగుడు కోసమని అనుకోవద్దు. పైగా తరువాత మార్కుల కాగితమో ధ్రువపత్రమో ఆ కాలేజీ నుంచి తెప్పించవలసి వస్తే, వెళ్ళి తెచ్చిపెట్టేది ఆ స్నేహితుడే.

మన దగ్గరికి వచ్చి చదువుకుని పోయేవారి సంగతి ఇంకొకటి. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో అఫ్గానిస్తాన్, యెమెన్, సూడాన్ వంటి దేశాల విద్యార్థులు చదివారు. 2021 ఆగస్టు 15న కాబూల్ తాలిబాన్ల చేతికి పోయింది. చదువు అయిపోయినా ఇంటికి పోలేక, వీసా గడువు పెంచమని అఫ్గాన్ విద్యార్థులు అధికారులను వేడుకోవలసి వచ్చింది. అంతకు ముందు ఏటేటా వారు వెళ్ళేటప్పుడు స్నేహితులతో చెప్పుకోవడానికి మాట వెతుక్కునే పని లేకపోయింది. కాబూల్‌లో వాడుకలో వున్న మాటే పాత నగరంలోనూ వుంది: ఖుదా హాఫిజ్. దేవుడు నిన్ను కాపాడాలని దాని అర్థం. తిరిగి వస్తానన్న హామీ అందులో లేదు, రానన్న మాటా లేదు. సైదాబాద్ వీధుల్లో కూరగాయల బండి దగ్గర బేరం ముగిసినప్పుడు కూడా అదే మాట అంటారు.