ఆట కూడు పెడుతుందా?

"పొద్దస్తమానం ఆ బ్యాటేనా? ఆట కూడు పెడుతుందా?" - పిలకాయలున్న ప్రతి ఇంట్లో వినపడే మాటే ఇది. కావలిలో మా ఇంట్లో మరికాస్త గట్టిగా వినపడుతుంది. ఎందుకంటారా? బ్యాటు పట్టింది తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి! మొన్న కోపం పట్టలేక దాన్ని అటక మీదికి ఎక్కించేశాను.

అప్పుడు మావారు సి.కె. నాయుడు గారి కథ చెప్పారు. మీరూ వినండి.

కఠారి కనకయ్య నాయుడు గారు 1895లో నాగపూర్‌లో ఒక తెలుగు కుటుంబంలో పుట్టారు. ఆయనకు ఆటే ఉద్యోగం తెచ్చింది. 1923లో ఇండోర్ హోల్కర్ మహారాజు పిలిపించి తన సైన్యంలో కెప్టెన్‌ని చేశారు. తరవాత కల్నల్ అయ్యారు. 1926లో బొంబాయిలో ఇంగ్లండు నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద రెండు గంటలు నిండకముందే 153 పరుగులు కొట్టారు. అందులో సిక్సర్లే 11! 1932లో లార్డ్స్‌లో మన దేశం ఆడిన మొదటి టెస్టుకు కెప్టెన్ ఆయనే. యుద్ధకాలంలో, 1941లో, ఒక లివర్ టానిక్ కంపెనీ ఆయన పేరుతో ప్రకటన వేసుకుంది. అలా సరుకుల ప్రకటనలో కనిపించిన మొదటి భారత క్రికెటర్ ఆయనేనంటారు. 58 ఏళ్ళ వయసులో మన ఆంధ్ర రంజీ జట్టుకూ నాయకత్వం వహించారు. 1956లో పద్మభూషణ్ వచ్చింది.

"అందరికీ మహారాజులు దొరుకుతారా?" అన్నాను నేను. దొరకరు, నిజమే. కానీ రైల్వేల్లో ఆటగాళ్ళకు కోటా ఉంది కదా! హైదరాబాదులో పెరిగిన మిథాలీ రాజ్ రైల్వే ఉద్యోగం చేస్తూనే దేశానికి ఆడింది.

నా మనసు మార్చింది మాత్రం నాయుడు గారి అమ్మాయి చంద్ర గారి సంగతి. ఆమె ఇండోర్‌లో ఇంగ్లీషు పాఠాలు చెప్పారు. 1977లో మైకు ముందు కూర్చుని క్రికెట్ వ్యాఖ్యానం చెప్పారు. మన దేశంలో ఆ పని చేసిన మొదటి మహిళ ఆమేనని చెప్తారు. 2021లో కన్నుమూశారు. ఆ రోజుల్లోనే ఒక తండ్రి ఇంట్లో ఆడపిల్లకు ఆట మీద అంత ఇష్టం పెరిగితే, ఈ రోజుల్లో నేను బ్యాటు దాచిపెట్టడమేమిటి?

సాయంత్రం స్టూలేసుకుని అటకెక్కాను. దుమ్ము దులిపి ఇచ్చాను. "హోంవర్కు ముందు, ఆట తరవాత" అని షరతు పెట్టాననుకోండి. మైదానం నుంచి రాగానే మజ్జిగ కలిపిన రాగిజావ ఇస్తున్నాను. ఇప్పుడు అన్నం కూడా మారుమాట లేకుండా తింటోంది.

మీ ఇంటి అటక మీద ఏమున్నాయో, ఒకసారి చూడండి!