పెళ్లి దుబాయ్‌లో... పిలుపు ఎవరికి?

"అత్తా, నీకు పాస్‌పోర్టుందా? ఉంటే మొదటి పేజీ, చివరి పేజీ ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టు."

దుబాయ్‌లో పెళ్లి అనుకున్న ఇంటి నుంచి బంధువులకు వెళ్లే మొదటి పిలుపు ఇదే. శుభలేఖ తర్వాతెప్పుడో వస్తుంది. పాస్‌పోర్టు ఉన్నవాళ్ల పేర్లు జాబితాకెక్కుతాయి. లేనివాళ్లకు "ఇక్కడ రిసెప్షన్ ఉంటుందిలే పెద్దమ్మా, నువ్వు దానికి రా" అని సర్దిచెబుతారు. అలా జాబితా నుంచి జారిపోయేది ఎవరు? తలంబ్రాల బియ్యం ఎంత పసుపులో ఎలా కలపాలో తెలిసిన అమ్మమ్మ. పెళ్లికూతురికి బాసికం కట్టే చేయి. హారతి పాట గొంతెత్తి పాడే మేనత్త. పెళ్లిని పెళ్లి చేసేవాళ్లు ఇంటి దగ్గర ఉండిపోతే, హోటలు ఎంత మెరిస్తే మాత్రం ఏం లాభం?

దుబాయ్ మీద నాకు కోపం లేదు. అబ్బాయివాళ్లు లండన్‌లో, అమ్మాయివాళ్లు హైదరాబాద్‌లో, స్నేహితులు సగం మంది గల్ఫ్‌లోనే ఉంటే, నాలుగు గంటల విమానం దూరంలో ఉన్న ఊరు అందరికీ నడిమధ్య అవుతుంది. పెళ్లిళ్లు మన నేల మీదే చేసుకోండని ప్రధాని మోదీ 2023 నవంబరులో 'మన్ కీ బాత్'లో కోరారు. ఆ మాటలో బలముంది. అయినా పిల్లలు నాలుగు దేశాల్లో స్థిరపడ్డ ఇళ్ల ఇబ్బంది కూడా నిజమే. కాబట్టి వెళ్తే ఎలా వెళ్లాలి, ఎవరిని వెంటబెట్టుకుని వెళ్లాలి అన్నదే నా పట్టింపు.

ఇంటిపేరు లేని అమ్మమ్మ

హోటలుకు అడ్వాన్సు కట్టక ముందే పెద్దవాళ్ల పాస్‌పోర్టుల పని మొదలుపెట్టాలి. 36 పేజీల మామూలు పాస్‌పోర్టుకు ఫీజు 1500 రూపాయలు. దుబాయ్ హోటల్లో ఒక మనిషి పెళ్లి భోజనానికి అయ్యే ఖర్చుతో పోలిస్తే ఇదొక లెక్కే కాదు. చిక్కంతా కాగితాల దగ్గర. పల్లెటూళ్లో ఇంట్లోనే పుట్టిన మనిషికి పుట్టిన తేదీ పత్రం ఉండదు. ఆధార్‌లో ఒక పేరు, ఓటరు కార్డులో ఇంకో పేరు. ఒకచోట పుట్టింటి ఇంటిపేరు, మరోచోట అత్తింటిది, మూడోచోట పొడి అక్షరం మాత్రమే.

ఇందులో దుబాయ్‌కి ప్రత్యేకమైన మెలిక ఒకటుంది. పాస్‌పోర్టులో ఒకే ఒక్క పేరుండి, ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే సందర్శక వీసా మీద రానివ్వబోమని యూఏఈ 2022 నవంబరులో నిబంధన పెట్టింది. రెండో పేజీలో తండ్రి పేరో, కుటుంబం పేరో ఉంటే ఒప్పుకుంటామని తర్వాత కొంత సడలించింది. ఉత్త 'లక్ష్మమ్మ' అని పాస్‌పోర్టు తీసుకున్న అమ్మమ్మలు మన ఊళ్లలో ఎంతమంది! అందుకే దరఖాస్తు నింపేటప్పుడే ఇంటిపేరు పూర్తిగా రాయించాలి. ఈ పనికి ఆరు నెలలు ముందుగా కూర్చునే మనవడో మనవరాలో ఇంట్లో ఒకరుండాలి. పెళ్లి దుస్తులు ఎంచుకోవడానికి పెట్టినంత ఓపిక దీనికీ పెడితే చాలు.

గడియారం వేరు, లగ్నం వేరు

దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక. ఇక్కడి ముహూర్తంలోంచి గంటన్నర తీసేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. దుబాయ్ 55.3 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, హైదరాబాద్ 78.5 మీద ఉన్నాయి. సూర్యుడు ఒక్కో డిగ్రీ దాటడానికి 4 నిమిషాలు పడుతుంది కనుక సూర్యుడి లెక్కన తేడా దాదాపు 93 నిమిషాలు. అక్కడితోనూ అయిపోదు. హైదరాబాద్ 17వ అక్షాంశం దగ్గర ఉంటే దుబాయ్ 25 దగ్గర ఉంది. ఉత్తరానికి వెళ్లేకొద్దీ పగటి నిడివి మారుతుంది, లగ్నాల నిడివీ మారుతుంది. జీలకర్ర బెల్లం ఏ నిమిషానికి పెట్టాలో దుబాయ్ పేరు మీదే లెక్క కట్టించుకోవాలి. ఆ ఊరి అక్షాంశ రేఖాంశాలు ముందుంచితే పంచాంగం తెలిసిన సిద్ధాంతి చేసిపెడతారు.

నెలల సంగతి ఇంకా ముఖ్యం. వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణం మనకు మంచి పెళ్లి నెలలు. అక్కడ అవి నిప్పులు చెరిగే నెలలు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడి ప్రభుత్వమే నిషేధించింది. అలాంటి వేడిలో సముద్రపు ఒడ్డున మండపం ఊహించలేం. వాతావరణం హాయిగా ఉండే డిసెంబరు మధ్య నుంచి జనవరి మధ్య వరకేమో మనకు ధనుర్మాసం, ముహూర్తాలుండవు. ఇక ముఖ్యంగా మిగిలేవి కార్తీకం, మార్గశిరం మొదటి రోజులు, మాఘం. అందరూ ఎగబడేది ఆ రోజులకే. రంజాన్ నెల ఎప్పుడొస్తుందో కూడా ముందే చూసుకోవాలి. ఆ నెల బాజాభజంత్రీలకు తగిన సమయం కాదు, మనం వెళ్లేది వాళ్ల ఊరికి.

హోమగుండం సంగతి హోటలువాళ్లతో ముందే తేల్చుకోవడం మంచిది. మూసి ఉన్న హాల్లో పొగ లేస్తే అలారం మోగుతుంది. ఆరుబయట మండపమైతే పురోహితుడికీ ఊపిరాడుతుంది.

తాంబూలంలో తమలపాకు లేకుండా

పెట్టె సర్దేటప్పుడు రెండు వస్తువులు గుర్తుంచుకోవాలి: గసగసాలు, తమలపాకులు. యూఏఈలో గసగసాలు నిషిద్ధం. మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి. కూరల్లోకని అమ్మ చేసిచ్చిన మసాలా పొడిలో అవి ఉంటే ఆ డబ్బా ఇంట్లోనే వదిలేయాలి. తమలపాకులతో సహా పాన్‌కు సంబంధించినవేవీ దేశంలోకి తీసుకురాకూడదని కస్టమ్స్ జాబితాలో ఉంది. మేం వెళ్లిన పెళ్లిలో పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, జాకెట్టు గుడ్డతోనే తాంబూలం ఇచ్చారు. మా పెద్దత్త మొదట బాధపడినా, "మనసులో ఆకు ఉందనుకుని తీసుకో" అంటూ ఒక్కొక్కరి చేతిలో పెట్టింది. ఆవిడ వచ్చింది కాబట్టే ఆ మాట అనేవాళ్లు దొరికారు.

పెద్దవాళ్ల మాత్రల సంచీ ఇంకో జాగ్రత్త. కోడీన్ ఉన్న దగ్గుమందు, ట్రమడాల్ ఉన్న నొప్పి మాత్రలు ముందస్తు అనుమతి లేకుండా పట్టుకెళ్లకూడదు. మిగతా మందులకైనా డాక్టరు చీటీ వెంట ఉండాలి. పెళ్లికూతురి నగలు ఇక్కడి నుంచే పట్టుకెళ్తుంటే, బయల్దేరే విమానాశ్రయంలోనే కస్టమ్స్‌వాళ్లకు చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోవాలి. లేదంటే తిరిగొచ్చేటప్పుడు సొంత హారానికే సుంకం కట్టమంటే ఏం చెప్పుకుంటాం?

క్రీక్ మీద పడవ

828 మీటర్ల బుర్జ్ ఖలీఫా చూడాల్సిందే, పిల్లలు వదలరు. కానీ మోకాళ్ల నొప్పులున్న మనిషిని దాన్ని ఆనుకుని ఉన్న మాల్‌లో మైళ్ల కొద్దీ నడిపించడం పాపం. విమానాశ్రయంలోనూ మాల్‌లోనూ చక్రాల కుర్చీ అడిగి తీసుకోండి, మొహమాటపడకండి. మా పెద్దవాళ్లకు నచ్చింది మాత్రం పాత ఊళ్లోని క్రీక్. ఒక్క దిర్హామ్ ఇస్తే అబ్రా అనే చెక్క పడవలో ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు దాటిస్తారు. అటు దిగి నడిస్తే బంగారం బజారు.

ఈ తళుకుల కింద ఉన్న పాత ఊరు మనకు కొత్తది కాదు. 1966లో చమురు బయటపడక ముందు, ఇది సముద్రంలో మునిగి ముత్యాలు ఏరుకుని బతికిన రేవు. ఆ సముద్రపు ముత్యాలనే మనవాళ్లు బస్రా ముత్యాలన్నారు. అవి హైదరాబాద్ బజారుకొచ్చి నిజాముల హారాల్లో చేరాయి. జపాన్ సాగు ముత్యాలు వచ్చాక 1930ల్లో ఆ వృత్తి కూలిపోయింది. 1966 దాకా అక్కడ చెలామణీ అయిన డబ్బు కూడా మన రిజర్వ్ బ్యాంకు ముద్రించిన రూపాయే. 1959 నుంచి గల్ఫ్ కోసం వేరే నోట్లు వేశారు. ఈ సంగతులు పడవలో కూర్చుని చెబితే పిల్లలు ఫోన్లు పక్కన పెట్టి విన్నారు. అమ్మమ్మ మెడలోని ముత్యాల దండను పట్టుకుని చూశారు.

అక్కడే ఉన్న మనవాళ్లు

దుబాయ్‌లో పెళ్లంటే అతిథులందరూ విమానం దిగాలని ఏమీ లేదు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి వెళ్లినవాళ్లు ఆ ఊరి గోడల్లో, రోడ్లలో, వంటశాలల్లో దశాబ్దాలుగా ఉన్నారు. మన పెళ్లి జరిగే హోటల్లో గదులు తుడిచే మనిషి మన పక్క మండలంవాడు కావచ్చు. పెళ్లివారికి దూరపు చుట్టమే అక్కడి సోనాపూర్ కార్మిక వసతిలో ఉంటున్నా, జాబితాలో అతని పేరు ఉండదు. హైదరాబాద్ నుంచి బంధువుల్ని టికెట్లు కొని తీసుకెళ్తాం. అరగంట కారు దూరంలో ఉన్నవాడిని పిలవం. ఇది నాకు మింగుడుపడని విషయం.

మేం వెళ్లిన పెళ్లిలో పెళ్లికూతురి నాన్న ఒక పని చేశారు. ముహూర్తాలు రెండుంటే ఆదివారానిది ఎంచుకున్నారు. 2022లో యూఏఈ వారాంతపు సెలవులు శని, ఆదివారాలకు మార్చాక చాలా కంపెనీల్లో కార్మికులకు ఆదివారమే సెలవు. ఊరి వాట్సాప్ గ్రూపులో "దుబాయ్‌లో ఎవరెవరున్నారు?" అని అడిగి, వచ్చిన పేర్లకు పొద్దున్నే వ్యాను పంపించారు. కొందరు వాళ్ల మేస్త్రీతో కలిసి వచ్చారు. ఏళ్లుగా ఊరి పెళ్లి చూడనివాళ్లు. తలంబ్రాలప్పుడు అల్లరి చేసింది వాళ్లే, వడ్డనకు దిగింది వాళ్లే. హోటలువాళ్లు వద్దన్నా వినలేదు. "మా పిల్ల పెళ్లికి మేం వడ్డించొద్దా?" అన్నాడొకాయన.

దుబాయ్ పెళ్లి అనుకుంటున్న ఇళ్లవారు వేదిక చూడటానికి వెళ్లే ముందు మీ ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టండి. వ్యాను బాడుగ పెద్ద ఖర్చేమీ కాదు. సెలవు కోసం అక్కడి మనవాళ్లు కంపెనీని ముందే అడగాలి కాబట్టి నెల రోజుల ముందు చెబితే మేలు.