మీకు తెలుసా? గుత్తి గుర్రాల కోసం దొరలు క్యూ కట్టారు!

రెండో ప్రపంచ యుద్ధంలో హిట్లర్ పక్షాన పోరాడిన రుమేనియా సైన్యం 1944 ఆగస్టు 23న ఒక్కసారిగా అవతలి పక్షానికి మారిపోయింది! జర్మన్ సేనానులు లబోదిబోమన్నారు. ఇదేం వింత? మన విడపనకల్లు నుంచి గుంతకల్లు మీదుగా తూర్పుకు పోతే వచ్చే గుత్తి సైన్యం ఆ పని 190 ఏళ్ల ముందే చేసింది!

గుత్తి పాలకుడు మురారిరావు ఘోర్పడే. 1741లో మరాఠాలు తిరుచిరాపల్లి గెలిచారు. కోట తాళాలు ఎవరి చేతిలో పెట్టారనుకున్నారు? ఈయన చేతిలోనే! కాపలాకు 14,000 మంది!

1751లో ఫ్రెంచి పక్షం ముట్టడించడంతో ఇంగ్లీషు సేనాని క్లైవు ఆర్కాటు కోటలో చిక్కుకుపోయాడు. సాయానికి కుదుర్చుకున్న 6,000 మంది గుత్తి రౌతులు ఎక్కడున్నారు? దూరంగా కొండల దగ్గర కూర్చుని తమాషా చూస్తున్నారు! గెలిచేది ఫ్రెంచివాళ్లేనని మురారిరావు లెక్క.

క్లైవు లొంగలేదు. ఆ కబురు చెవిన పడగానే మురారిరావు మనసు మారింది. ఇంగ్లీషువాళ్లకూ పోట్లాడటం వచ్చన్నమాట! సరే, సాయం చేద్దాం అన్నాడట! గుర్రాలు కదిలాయి. శత్రువుకు గుండె జారింది. 50 రోజుల ముట్టడి తేలిపోయింది!

అయితే ఆగండి. 1753 మొదట్లో అదే మురారిరావు 4,000 గుర్రాలతో ఎవరి పక్కన ఉన్నాడు? ఫ్రెంచి గవర్నరు డూప్లే పక్కన!

ఇంగ్లీషువాళ్లు తిట్టుకుని ఉంటారు కదా? తిట్టుకుంటూనే మెచ్చుకున్నారు! ఆ యుద్ధాల చరిత్ర రాసిన రాబర్ట్ ఆర్మ్, దేశంలో ఈ గుత్తి రౌతులను మించిన సైనికులు లేరన్నంతగా పొగిడాడు. తెల్లవాళ్ల తుపాకులు పేలినా బెదరరట!

అసలు వినాల్సింది ఇది! 1768లో మురారిరావు మళ్లీ ఇంగ్లీషు పక్షం. హొసకోట దగ్గర ఆయన శిబిరం మీద మైసూరు పాలకుడు హైదర్ అలీ రాత్రిపూట విరుచుకుపడ్డాడు. మురారిరావు ఆజ్ఞ ఒక్కటే: మనవాళ్లెవరూ గుర్రమెక్కొద్దు! ఇంకేం, చీకట్లో గుర్రం మీద కనబడ్డవాడల్లా శత్రువే! అంతలో గాయపడ్డ పట్టపుటేనుగు కట్టు తెంచుకుంది. తన గొలుసునే తొండంతో పట్టి గిరగిరా తిప్పుతూ హైదర్ రౌతుల మీదికి ఉరికింది! ఏ సేనానీ పన్నని వ్యూహం!

హైదర్ మరిచిపోలేదు. తర్వాత గుత్తినే ముట్టడించాడు. నేల మీంచి దాదాపు 300 మీటర్లు లేచిన కొండకోట అది. ఫిరంగులతో తెగే పనా? రాజీ బేరం దాదాపు కుదిరింది కూడా!

అప్పుడు కొంప ముంచింది ఒక కుర్రాడి నోరు! బేరం కోసం హైదర్ శిబిరానికి వచ్చినవాడు, పైన నీళ్లు 3 రోజులకే ఉన్నాయని చెప్పేశాడు. హైదర్ బేరం వదిలేసి ఊరికే కాచుక్కూర్చున్నాడు. 1776లో గుత్తి లొంగింది. మురారిరావు కబ్బాళదుర్గం చెరలోనే కన్నుమూశాడు.

కోట ఇప్పటికీ ఉంది. ఈసారి గుత్తి వైపు పోతే కొండెక్కి చూడండి. నీళ్ల సీసా మాత్రం మరవకండి!