చదరంగం గింజల లెక్క: అపోహలు – వాస్తవాలు

చదరంగం పలక మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు... ఇలా రెట్టిస్తూ పోతే 64 గళ్లకు పట్టే గింజలు 18446744073709551615. మన లెక్కలో 1,84,467 కోట్ల కోట్లకు పైమాటే. ఈ గింజలను బహుమానంగా ఇస్తానని ఒక రాజు మాటిచ్చాడన్నది అందరూ విన్న కథే అయినా, ఈ సంఖ్య గురించి పొరపాటు మాటలు ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటాయి.

అపోహ: ఇది 64 రెండ్లను గుణిస్తే వచ్చే సంఖ్య.

వాస్తవం: దానికి ఒకటి తక్కువ. మూడు గళ్లలో గింజలు 1+2+4, అంటే 7. నాలుగో గడిలో పడేవి 8. ఏ గడి దగ్గర చూసినా, వెనకటివన్నీ కలిపినా దానికి ఒక్క గింజ తక్కువే ఉంటాయి.

అపోహ: కథలోని రాజు గొప్పవాడైతే ఆ గింజలు ఇచ్చేయగలిగేవాడే.

వాస్తవం: వెయ్యి గోధుమ గింజలు 40 గ్రాములు తూగుతాయనుకుంటే మొత్తం 73,000 కోట్ల టన్నులు దాటుతుంది. ఇవాళ ప్రపంచమంతా కలిసి ఏడాదికి పండించే గోధుమలే సుమారు 80 కోట్ల టన్నులు.

అపోహ: ఇంత పెద్ద సంఖ్యకు కారణాంకాలు కనుక్కోవడం చేతిలెక్కతో అయ్యే పని కాదు.

వాస్తవం: నాకు ఈ సంఖ్య మీద ఇష్టం పెరిగింది ఇక్కడే. చివర 5 ఉంది కాబట్టి 5తో పోతుంది. అంకెలన్నీ కూడితే 87. అంటే 3తో పోతుంది, 9తో పోదు. ఆపైన బడిలో నేర్చిన వర్గాల భేదం సూత్రం చాలు: 2⁶⁴ − 1 = (2³² − 1) × (2³² + 1). మొదటి ముక్క అదే సూత్రంతో విడిపోతూ పోయి 3, 5, 17, 257, 65537 దగ్గర ఆగుతుంది. మొండికేసేది రెండోది, 4294967297. అది ప్రధాన సంఖ్యేనని గణితవేత్త ఫెర్మా నమ్మాడు. 1732లో మరో గణితవేత్త ఆయిలర్ దాన్ని 641 × 6700417గా విడగొట్టాడు. దాన్ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, 64తో భాగిస్తే 1 మిగలాలి. అలాంటివి వరసగా 193, 257, 449, 577, 641. ఐదో ప్రయత్నానికే చిక్కుతుంది! అలాగని పెద్దవన్నీ విడిపోతాయనుకోకండి. 61వ గడి దగ్గర ఆగితే వచ్చే మొత్తం 2305843009213693951 ప్రధాన సంఖ్య.

అపోహ: కంప్యూటర్ చూపించిన అంకెలన్నీ కచ్చితమే.

వాస్తవం: ఎక్సెల్‌లో ఈ లెక్క వేస్తే 18446744073709600000 అని వస్తుంది. అది 15 అంకెలే పట్టుకుని, మిగతా చోట సున్నాలు పెడుతుంది. బేసి సంఖ్య సరి సంఖ్యగా మారిపోతుంది. పోయిన ఐదు అంకెలు 51615. పాతకాలపు గణిత కవి పావులూరి మల్లన పేరు మీద ప్రసిద్ధమైన తెలుగు పద్యం ఒకటి మాత్రం ఏ అంకె పోకుండా ఈ సంఖ్యనే మాటల్లో చెబుతుంది. శరమంటే 5, శశి అంటే 1, కుంజరమంటే 8. పాత పద్ధతిలో ఒకట్ల స్థానం నుంచి ఎడమకు చదవాలి కాబట్టి, ఎక్సెల్ వదిలేసిన ఆ ఐదు అంకెలతోనే పద్యం మొదలవుతుంది.