మంచి పళ్ళ వైద్యం

పన్ను నొప్పి వస్తే అన్నం తినలేరు. నిద్ర పట్టదు. అయినా చాలామంది ఆడవాళ్ళు ఆస్పత్రికి పోరు. నొప్పికి భయం. ఖర్చుకు భయం.

మంచి పళ్ళ డాక్టరు ముందు రోగి చెప్పింది వింటారు. పుచ్చు ఎంత లోతుందో చూస్తారు. సిమెంటు పెట్టవచ్చా, పన్ను తీయాలా అనేది విడమరిచి చెబుతారు. ఖర్చు ముందే చెబుతారు. మత్తు సూది వేశాకే పన్ను తీస్తారు.

అన్నిటికన్నా ముఖ్యం శుభ్రత. ఒకరి నెత్తురు అంటిన పనిముట్లు ఇంకొకరికి వాడితే ఒక రకం కామెర్లు, ఎయిడ్స్ అంటుకోవచ్చు. కడిగిన పనిముట్లను కుక్కరులాంటి పెట్టెలో, 121 డిగ్రీల ఆవిరిలో, 15 నిమిషాలు ఉంచితే క్రిములు చస్తాయి. సూది మాత్రం ప్రతి రోగికీ కొత్తదే వాడాలి.

షుగరు ఉన్నవాళ్ళు, గర్భిణులు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

"సూది కొత్తదేనా?" అని అడగడం తప్పు కాదు. అది రోగి హక్కు.